పేరు లేని రూపం ముందు ఏమి మాట్లాడాలి?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక మిత్రుడి ఇంటి మేడ మీద, ఫోటోలు తీసేవాళ్లం పదిమందిమి అప్పుడప్పుడు కలుస్తుంటాం. ప్రింట్లు బల్ల మీద పరిచి ఒక్కొక్కదాని గురించి మాట్లాడుకుంటాం. పక్షి ఫోటో వస్తే మాటలకు కొదవ ఉండదు. కంట్లో మెరుపు పడిందా, రెక్క కొస తెగిపోయిందా, వెనకాల కొమ్మ అడ్డొచ్చిందా అని తలా ఒక మాట అంటారు. యారాడ కొండ మీద మబ్బు దిగిన దృశ్యమైనా అంతే. మొన్న ఒక ప్రింటు బల్ల మీదికి వచ్చేసరికి మాత్రం అందరూ మౌనంగా ఉండిపోయారు.

ఆ ప్రింటులో పై భాగమంతా నీలం. నీలం పెచ్చులుగా లేచిన చోట నారింజ రంగు, ఇంకా లోతుగా ఊడిన చోట పాత ఆకుపచ్చ. అడుగున మూడో వంతు మేర నల్లటి పట్టీ, దాని మీద ఉప్పు ఎండి కట్టిన తెల్లటి చారలు. కుడివైపు పై మూలలో తెల్ల రంగుతో రాసిన అంకె ఒకటి సగానికి తెగి ఉంది. ఫిషింగ్ హార్బరులో మరమ్మతు కోసం ఒడ్డుకెక్కించిన మరపడవ పక్కభాగం అది. తీసినది కాలేజీలో చదువుతున్న అమ్మాయి.

చివరికి ఒకరు "బాగుంది" అన్నారు. ఇంకొకరు "ఇంతకీ ఇది ఏమిటి?" అని అడిగారు. పడవ అని తెలిశాక మూడో మనిషి "పడవ మొత్తం కనిపించేలా తీసి ఉంటే ఇంకా బాగుండేది" అన్నాడు. ఆ మూడో మనిషిని నేను. ఆ అమ్మాయి తల ఊపి, ప్రింటును కవరులో పెట్టుకుంది. ఆ మూడు మాటల్లో ఆమెకు పనికొచ్చేది ఒక్కటీ లేదని ఇంటికి వెళ్లేదాకా నాకు తట్టలేదు. ఫోనులోనే బాగా దగ్గరి నుంచి తీసే మాక్రో లెన్సులు వచ్చాక గోడల పగుళ్లు, తుప్పు మరకలు, నీటి మీద నూనె రంగులు తీసేవారు నగరంలో చాలామంది కనిపిస్తున్నారు. ఆ ఫోటోలు చూపించినప్పుడు ఏమి చెప్పాలో తెలియనివారు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఈ ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో ముందుగా చూద్దాం.

పోయింది రూపం కాదు, పేరు

అబ్‌స్ట్రాక్ట్ ఫోటోగ్రఫీని తెలుగులో నైరూప్య ఛాయాచిత్రకళ అంటున్నాం. వాడుకలో కుదురుకున్న మాటే కానీ ఇక్కడ అది కొంత దారి తప్పిస్తుంది. రూపం లేనిది అనగానే అక్కడ చూడడానికి ఏమీ లేదనిపిస్తుంది. నిజానికి ఆ పడవ ఫోటోలో రూపం పుష్కలంగా ఉంది. గీతలున్నాయి, రంగులున్నాయి, గరుకుదనం ఉంది, బరువు కిందికి దిగిన తీరు ఉంది. లేనిది పేరు. నామరూపాలు అని మనం కలిపి పలికే జంటలో ఒకటి జారిపోయి రెండోది ఒంటరిగా మిగిలింది. సింహాచలంలో స్వామి రూపం ఏడాదంతా చందనం మాటున ఉంటుంది, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనం. అయినా ఎదురుగా ఉన్నది ఎవరన్న సందేహం ఏ భక్తుడికీ రాదు. అక్కడ రూపం మరుగైనా నామం నిలిచి ఉంటుంది. నైరూప్య ఫోటోలో జరిగేది దీనికి సరిగ్గా తిరగేసిన పని.

పేరును తప్పించడానికి ఫోటోగ్రాఫర్లకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది తెంపుకోవడం. వస్తువుకు బాగా దగ్గరగా వెళ్లి, పరిసరాలను ఫ్రేములోకి రానివ్వకుండా ఒక ముక్కను మాత్రమే తీసుకోవడం. పడవ ఫోటో ఈ కోవలోది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ పాల్ స్ట్రాండ్ 1916లో గిన్నెలను, వరండాలో పడిన నీడలను ఇలాగే తీశాడు. రెండోది చెదరగొట్టడం. కెమెరాను కదపడం, ఒకే ఫ్రేములో రెండు మూడు దృశ్యాలు కలపడం, అద్దాల గుండా తీయడం. ఫోటోగ్రాఫర్ ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ 1917 ప్రాంతంలో మూడు అద్దాలను ముక్కోణంగా అమర్చి, వాటి గుండా తీసిన చిత్రాలకు వోర్టోగ్రాఫులు అని పేరు వచ్చింది. మూడోది కెమెరానే పక్కన పెట్టడం. కాంతికి స్పందించే కాగితం మీద వస్తువులను నేరుగా ఉంచి వెలుతురు పడనిస్తే ఫోటోగ్రామ్ వస్తుంది. 1920లలో మాన్ రే, మొహోలీ నాగీ అనే కళాకారులు ఈ పద్ధతిలో చాలా పని చేశారు.

మన దేశంలో నస్రీన్ మొహమ్మదీ పేరు ఇక్కడ తప్పక తలచుకోవాలి. బరోడాలో చిత్రకళ బోధించిన ఆమె సన్నని గీతలతో చేసిన రేఖాచిత్రాల వల్ల ప్రసిద్ధురాలు. నేల మీది గీతలు, నీడలు, సముద్రపు అంచులు ఫోటోలుగా కూడా తీసింది. 1990లో కన్నుమూసేదాకా ఆ ఫోటోలను ఆమె ప్రదర్శనకు పెట్టలేదు.

మెప్పు, తీర్పు, సలహా, పరిశీలన

రెండో చిక్కు విమర్శ అనే మాటలోనే ఉంది. ప్రతిపక్ష నేత విమర్శించారు అని పత్రికలో చదివితే తిట్టారనే అర్థం చేసుకుంటాం. సంస్కృతంలో ఆ మాటకు అర్థం పరిశీలన, ఆలోచించి చూడడం. సాహిత్య విమర్శ అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఫీడ్‌బ్యాక్ అనే మాట రేడియో, విద్యుత్ పరికరాల నుంచి వచ్చింది. యంత్రం నుంచి బయటికి వచ్చిన దానిలో కొంత భాగాన్ని తిరిగి దాని లోపలికే పంపడం అని మొదటి అర్థం. ఫోటో తీసినవారికి కావలసింది కూడా ఇదే. తన ఫోటోను తానే పరాయి మనిషిలా చూడడం ఎవరివల్లా కాదు. ఆ ఉదయం హార్బరులోని చేపల వాసన, పడవ వడ్రంగి సుత్తి చప్పుడు, కాళ్ల కింది బురద, అన్నీ ఆ అమ్మాయి జ్ఞాపకంలో ఫోటోతో కలిసిపోయి ఉన్నాయి. మనకు అవేవీ తెలియవు. మనకు కనిపించినది ఆమెకు తిరిగి అందించడమే మన పని.

మనం అనే మాటలు నాలుగు రకాలు. "అద్భుతం" అనేది మెప్పు, అది మనిషికి చెందుతుంది. "ఇది బలమైన ఫోటో" అనేది తీర్పు, అది విలువ కడుతుంది. "కుడివైపు కత్తిరించు" అనేది సలహా. "నా చూపు మొదట కుడి మూలలోని అంకె మీద పడింది, అక్కడే ఆగిపోయింది" అనేది పరిశీలన. మొదటి మూడింటిలోనూ మనం పైన కూర్చుంటాం, నాలుగోదానిలో ఆమె పక్కన నిలబడతాం. సంతోషపెట్టే మెప్పుకూ దాని చోటు దానికి ఉంది, దాన్ని తీసిపారేయను. అయితే తర్వాతి ఫోటోకు పనిచేసేది ఎక్కువగా నాలుగో రకమే.

మామూలు ఫోటోల విషయంలో పరిశీలన తేలిక. కొలత చేతిలో సిద్ధంగా ఉంటుంది. కొంగ కొంగలా ఉందా, ముఖం మీద వెలుతురు చాలిందా అని లోకంతో పోల్చి చూస్తాం. నైరూప్య ఫోటోలో ఆ కొలత చెల్లదు. ఫోకస్ లేకపోవడం తప్పు కావచ్చు, కావాలని చేసిన పనీ కావచ్చు. వెలుతురు మండిపోయి తెల్లబడిన భాగం లోపం కావచ్చు, ఆ ఫోటో అంతా ఆ తెలుపు కోసమే తీసినదీ కావచ్చు. మరి దేనితో పోల్చాలి?

ముగ్గు ముందు మనకు మాటలు తడబడవు

ధనుర్మాసంలో పెదవాల్తేరు వీధుల్లో పొద్దున్నే నడిస్తే జవాబు నేల మీదే ఉంటుంది. పదిహేను చుక్కలు పెట్టి, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్కలు పెట్టుకుంటూ పోయి మెలికలు తిప్పిన ముగ్గు ముందు ఇరుగుపొరుగు ఆడవారు ఆగుతారు. ఎడమవైపు మెలిక బిగిసిందని, కుడివైపు వదులైందని అంటారు. ఆ మూల పిండి లావుగా పడిందని, ఇంత పెద్ద వాకిలికి ముగ్గు చిన్నదైందని అంటారు. ఇది ఏమిటి, దీని అర్థం ఏమిటి అని ఒక్కరూ అడగరు. పేరు లేని రూపం గురించి ఇంత నిక్కచ్చిగా మాట్లాడగల భాష మన వాకిట్లో ఎన్ని తరాలుగానో ఉంది.

వారి మాటల్లో కొలత ఎక్కడి నుంచి వచ్చింది? చుక్కల నుంచి. చుక్కలు పెట్టడంతోనే ఆ ముగ్గు తన నియమాన్ని తానే పెట్టుకుంది. గీత దానికి లోబడిందా, తప్పిందా అన్నదే చూసేవారు పట్టించుకునే విషయం. ఒక ముగ్గు చుక్కలతో ఇంకో ముగ్గు గీతలను ఎవరూ తప్పుపట్టరు. నైరూప్య ఫోటో కూడా ఇంతే. దాని చుక్కలు ఎక్కడ ఉన్నాయో ముందు వెతకాలి. మళ్లీ మళ్లీ వచ్చే ఆకారం ఏమిటి, దేన్ని దేనికి ఎదురు నిలబెట్టారు, ఏ రంగును పొదుపుగా వాడారు, ఏది ఫ్రేము అంచు దాకా పోయింది, ఏది అంచుకు ముందే ఆగింది. వీటిని గమనిస్తే ఆ ఫోటో తనకు పెట్టుకున్న నియమం మెల్లగా బయటపడుతుంది. లోపమని మనం అనేది ఆ నియమాన్ని బట్టే అవుతుంది.

పడవ ఫోటోను మళ్లీ బల్ల మీదికి తెస్తే

అమెరికాలో కళాబోధకుడు ఎడ్మండ్ ఫెల్డ్‌మన్ చెప్పిన వరుస ఒకటి కళాశాలల్లో బాగా వాడుకలో ఉంది. వర్ణన, విశ్లేషణ, వ్యాఖ్యానం, తీర్పు అనే నాలుగు మెట్లు. మనం సాధారణంగా నాలుగో మెట్టు మీదికి దూకుతాం. పడవ ఫోటోను ఈ వరుసలో చూస్తే ఎంత తేడా వస్తుందో చూడండి.

వర్ణన అంటే కనిపించినది కనిపించినట్టు చెప్పడం. నీలం, నారింజ, ఆకుపచ్చ, నలుపు, తెలుపు. రెండు అడ్డగీతలు. ఒకటి నీలానికీ నలుపుకూ మధ్య సరిహద్దు, ఇంకొకటి నల్ల పట్టీలో రెండు చెక్కలు కలిసే అతుకు. సగం అంకె. ఇంత చిన్న పని ఎందుకు అనిపిస్తుంది. తర్వాతి సమావేశానికి ఆ అమ్మాయిని అడిగి ఆ ప్రింటును మళ్లీ తెప్పించి, బల్ల చుట్టూ ఉన్నవారందరి చేతా వర్ణన మాత్రమే చెప్పించాం. మాలో నలుగురికి ఆకుపచ్చ అసలు కనిపించనే లేదు. అది రూపాయి బిళ్లంత చోట మూడు ప్రదేశాల్లో మాత్రమే ఉంది. తీసిన అమ్మాయి ఆశ్చర్యపోయింది. ఆమె ఆ ఫోటో తీసిందే ఆ ఆకుపచ్చ కోసం. ఎవరూ పొగడలేదు, తప్పుపట్టలేదు, సలహా ఇవ్వలేదు. అయినా ఆ సాయంత్రం ఆమెకు అందిన విలువైన సమాచారం అదే.

విశ్లేషణ అంటే ఆ భాగాలు ఒకదానితో ఒకటి ఎలా వ్యవహరిస్తున్నాయో చూడడం. ఇక్కడ సగం అంకె దగ్గర వాదన లేచింది. తెలిసిన అక్షరం కంటపడితే చదవకుండా ఉండలేం. నీలంలో తేలుతున్న చూపు ఆ మూలకు చేరగానే చూడడం ఆగి చదవడం మొదలవుతుంది. చదవగానే అది పడవ నంబరని తెలిసిపోతుంది. అంత కష్టపడి బయటికి పంపిన పేరు మూల తలుపు గుండా లోపలికి వచ్చేసింది. కాబట్టి అంకె ఆ ఫోటోకు అడ్డు అని కొందరు అన్నాం.

పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. "ఇది రంగుల ఫోటో అనుకుంటే మీరన్నది నిజమే. కానీ ఇది పొరల ఫోటో. ఆకుపచ్చ మీద నారింజ, నారింజ మీద నీలం, నీలం మీద అంకె. అంకె కూడా ఒక పొరే, అన్నిటికంటే పైది" అన్నారు. ఆయన మాటతో చుక్కలు ఎక్కడున్నాయో హఠాత్తుగా వేరుగా కనిపించాయి. నియమం రంగు అయితే అంకె చొరబాటుదారు, నియమం పొర అయితే అది ఆ ఇంటి మనిషే. రెండూ సమర్థించుకోదగిన చూపులే. రెండింటిలో ఏది తన దారో తేల్చుకోవలసింది తీసిన మనిషి. ఎదురుగా రెండు దారులున్నాయని చూపడం వరకే మా వంతు.

వ్యాఖ్యానం అంటే అది మనకు ఏమి చెప్పిందన్నది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల మీద వేటకు నిషేధం ఉంటుంది. పడవలను ఒడ్డుకు చేర్చి మరమ్మతులు చేసుకునేది, రంగులు వేసుకునేది ఎక్కువగా ఆ 61 రోజుల్లోనే. ఈ సంగతి తెలిసినవారికి మూడు రంగులు గడిచిన వేసవుల లెక్కలా కనిపిస్తాయి. తెలియని ఒకరికి అది మబ్బు చిరిగి బయటపడిన సాయంకాలపు ఆకాశంలా తోచింది. ఇక్కడ "నాకు" అనే మాట తప్పనిసరి. "ఇది ఆకాశం" అంటే ఫోటోకు మనం పేరు పెట్టేసినట్టు. "నాకు ఆకాశం గుర్తొచ్చింది, ఆ నారింజ వల్ల" అంటే మన అనుభవం, దానికి కారణమైన చోటు రెండూ చెప్పినట్టు. రెండో ముక్క లేకపోతే మొదటిదాని వల్ల పెద్దగా లాభం లేదు.

ఇంతా అయ్యాక తీర్పు. అప్పటికి తీర్పు చెప్పే అవసరం చాలావరకు తీరిపోయి ఉంటుంది. చెప్పాలనుకుంటే ఒకే విషయాన్ని రెండు తీర్లుగా చెప్పవచ్చు. "ఆ అంకె తీసేయాలి" అనవచ్చు. "అమ్మా, ఆ అంకె నా చూపును లాక్కుంది, మళ్లీ రంగుల్లోకి రావడానికి కష్టపడ్డాను, నువ్వు కోరుకున్నది అదేనా?" అనీ అడగవచ్చు. మొదటిది విన్నవారు ఆ ఒక్క ఫోటోను దిద్దుకుంటారు. రెండోది విన్నవారు ఇకపై తీసే ప్రతి ఫోటోలోనూ మూలలు చూసుకుంటారు.

కదిలిన కెమెరా పొరపాటా, ఉద్దేశమా

రామకృష్ణా బీచ్‌లో సూర్యుడు సముద్రం మీదే ఉదయిస్తాడు. ఆ వెలుతురులో షటరును పావు సెకను పాటు తెరిచి ఉంచి, ఆ వ్యవధిలో కెమెరాను అడ్డంగా కదిపితే ఇసుక, అలలు, ఆకాశం మూడు పట్టీలుగా సాగిపోతాయి. ఇలాంటి ఫోటో చూడగానే "షేక్ అయింది" అనడం మనకు అలవాటు. నిజంగా చేయి వణికిందో, కావాలని కదిపారో ఫోటోలోనే ఆధారాలు ఉంటాయి. వెలుగు చుక్కలను చూడాలి. అలల మీది మెరుపులు, దూరంగా లంగరు వేసిన ఓడల దీపాలు కెమెరా నడిచిన దారిని గీతలుగా రాసిపెడతాయి. గీతలన్నీ ఒకే దిశలో, ఒకే పొడవున ఉంటే కదలిక స్థిరంగా సాగినట్టు. గీత చివర కొక్కెంలా వంగి ఉంటే షటరు మూతపడేలోగా చేయి ఆగి వెనక్కి తిరిగినట్టు. అడ్డంగా సాగిన పట్టీలే ఆ ఫోటో నియమం అనుకుంటే ఆ కొక్కేలు నియమం తప్పిన గీతలు. "గీతల కొసలు వంగాయి, షటరు మూతపడ్డాక కూడా చేతిని ఆపకుండా సాగనిచ్చి చూడండి" అని చెప్పవచ్చు. ఇక్కడ సలహా ఇవ్వడంలో తప్పు లేదు. అది తీసినవారి దారి మార్చమనడం కాదు, ఎంచుకున్న దారిలో తడబడకుండా నడవడానికి సాయం. చేతి పనితనానికి సంబంధించిన విషయాల్లో సూటి సలహా, చూపుకు సంబంధించిన వాటిలో పరిశీలన అన్నది నేను పాటించే పద్ధతి.

శీర్షిక పెట్టగానే పేరు తిరిగొస్తుంది

భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు నైరూప్య ఫోటోలకు పుట్టిల్లు. వాన నీరు కోసిన ఎర్ర ఇసుక గట్లను ఆకాశం, చెట్టు, మనిషి రాకుండా ఫ్రేములో బిగిస్తే అది జానెడా, నూరడుగులా అన్నది తెలియదు. మాలో ఒకరు అలా తీసిన ఫోటోను శీర్షిక చెప్పకుండా చూపిస్తే ముడతలు పడిన ముసలి చేయి అని ఒకరు, విమానంలోంచి చూసిన నది అని ఒకరు, కాల్చిన మట్టికుండ పెంకు అని ఒకరు అన్నారు. ఆ తర్వాత ఆయన శీర్షిక చెప్పారు. "గాయం". అంతే, ఆ తర్వాత ఎవరికీ నెత్తురు తప్ప ఇంకేమీ కనిపించలేదు. శీర్షిక బలమైనదే కానీ అంతకుముందున్న మూడు దృశ్యాలను అది మింగేసింది.

శీర్షిక ఉండాలని వాదించేవారి మాటలోనూ న్యాయం ఉంది. దిబ్బలు కోతకు గురవుతున్నాయన్న బాధతో తీసిన మనిషికి అది ఎర్ర రంగుల అందంగా మిగిలిపోతే చాలదు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ మధ్యేమార్గం ఒకటి తొక్కాడు. 1922 నుంచి మబ్బులను తీస్తూ పోయి, వాటిని ఈక్వివలెంట్స్ అని పిలిచాడు. సమానార్థకాలు అని చెప్పుకోవచ్చు. దేనికి సమానమో చెప్పకుండా చూసేవారికే వదిలేశాడు. అభిప్రాయం చెప్పేవారికి ఇందులో పనికొచ్చే చిన్న ఉపాయం ఉంది. ముందు శీర్షిక లేకుండా చూడడం, కనిపించింది చెప్పడం, ఆపైన శీర్షిక విని ఏమి మారిందో చెప్పడం. మారిన ఆ తేడాయే శీర్షిక చేసిన పని.

ఏనుగు, ముఖం వంటివి కనిపించాయని చెప్పడానికి మొహమాటపడనక్కర్లేదు. మరకల్లో ముఖాలు వెతుక్కోవడం మనిషి మెదడుకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ముగ్గురు నలుగురికి ఒకే చోట ముఖం కనిపిస్తే అది తీసినవారికి తెలియవలసిన విషయం. ఒకసారి కనిపించిన ముఖం మళ్లీ చెరిగిపోదు.

ముందే ఉద్దేశం అడగాలా, చూశాక అడగాలా

దీని మీద కళాలోకంలో పాత తగువు ఉంది. రచయిత మనసులో ఏముందన్నది రచనకు కొలత కాకూడదని, అది తెలుసుకోవడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదని విమ్‌శాట్, బియర్డ్‌స్లీ అనే ఇద్దరు అమెరికన్లు 1946లో వాదించారు. వారు మాట్లాడింది కవిత్వం గురించి, అయినా వాదం ఫోటోలకూ అతుకుతుంది. గోడ మీద వేలాడే ఫోటో పక్కన తీసినవారు నిలబడి వివరించరు కదా. రెండో పక్షం వారు ఇంకా నేర్చుకుంటున్న మనిషి గురించి ఆలోచిస్తారు. ఆమె ఎటు వెళ్లాలనుకుంటోందో తెలియకుండా ఎటు నడవమని చెబుతాం? నేను పడవ మొత్తం చూపమన్నది ఆమె ఉద్దేశం తెలుసుకోకుండానే. భీమిలి వెళ్లే మనిషికి గాజువాక బస్సు చూపించినట్టయింది.

అమెరికన్ నృత్యకారిణి లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన పద్ధతి ఈ రెండింటినీ వరుసగా కలుపుతుంది. మొదట చూసినవారు తమను తాకినవి చెబుతారు. తర్వాత కళాకారుడే తనకు కావలసిన ప్రశ్నలు అడుగుతాడు. మూడో దశలో చూసినవారు అడుగుతారు, అయితే ప్రశ్నలో అభిప్రాయం దాచకూడదు. "ఇంత చీకటి ఎందుకు పెట్టారు?" అన్నది ప్రశ్న వేషం వేసుకున్న తీర్పు. "చీకటి భాగంలో మేము ఏమి చూడాలని అనుకున్నారు?" అన్నది నిజమైన ప్రశ్న. చివరగా, కళాకారుడు అనుమతిస్తేనే అభిప్రాయం. నలుగురు కూర్చున్నప్పుడు ఇంత క్రమం కొంచెం బిగుతుగా అనిపిస్తుందన్న ఫిర్యాదు ఉంది, అది కొంతవరకు నిజం. మేము మొదటి దశను, మూడో దశలోని ప్రశ్నల నియమాన్ని మాత్రం ఉంచుకున్నాం. దానికి ఒకటి కలిపాం. అవధానంలో నిషిద్ధాక్షరి ఉన్నట్టే మా బల్ల దగ్గర రెండు మాటలు నిషిద్ధం. ఒకటి "బాగుంది", రెండోది "అర్థం కాలేదు". ఆ రెండూ నోటి దాకా వచ్చి ఆగినప్పుడు, వాటి వెనక ఉన్న అసలు మాట కోసం కళ్లు మళ్లీ ఫోటో మీదికి వెళతాయి.

ఎంత గట్టిగా చెప్పాలి

మెత్తగా చెబితే ఎవరూ ఎదగరనే పక్షం మన దగ్గర బలంగా ఉంది. సంగీతం గురువు దగ్గర చీవాట్లు తిని నేర్చుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది, ఆ శిక్షణ ఇచ్చిన పట్టును కాదనలేం. స్టీగ్లిట్జ్ మబ్బుల కథ కూడా ఆ పక్షానికే సాక్ష్యంలా కనిపిస్తుంది. అతని చిత్రాల శక్తి అతను మనుషులను వశపరచుకోవడంలోంచి వచ్చిందని ఒకరు రాశారు. ఆ మాట గుచ్చుకుని, ఎవరి వశమూ కాని, అందరికీ ఉచితంగా దొరికే మబ్బుల వైపు కెమెరా తిప్పానని 1923లో అతనే చెప్పుకున్నాడు. కానీ అప్పటికి అతనికి యాభై ఎనిమిది, యాభై తొమ్మిదేళ్లు. ఆ దెబ్బను తట్టుకుని పనిగా మార్చుకునే స్థైర్యం ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నాడు. మొదటి ప్రింటు బల్ల మీద పెట్టిన పద్దెనిమిదేళ్ల మనిషికి అదే మోతాదు సరిపోతుందని నేను నమ్మను. గట్టిదనం గొంతులో కన్నా మాటలో ఉండాలి. "కింది నల్ల పట్టీలో నాకు చూడడానికి ఏమీ దొరకలేదు" అన్నది ఎంత మెల్లగా చెప్పినా గట్టి మాటే.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. చిన్నవారు పెద్దవారి ఫోటో గురించి నోరు విప్పరు. "సార్ తీశారు కాబట్టి ఏదో ఉండే ఉంటుంది" అనుకుంటారు. పరిశీలన ఇక్కడ కూడా అక్కరకొస్తుంది. "సార్, నా చూపు ఎడమ అంచు దాటి బయటికి వెళ్లిపోయింది" అనడంలో అగౌరవం లేదు. నేను చూసినదాన్ని నాకంటే బాగా చెప్పగలవారు ఎవరూ ఉండరు, వారు ఎంత పెద్దవారైనా సరే.

ఇది అసలు ఫోటోయేనా

కృత్రిమ మేధతో బొమ్మలు వస్తున్నప్పటి నుంచి నైరూప్య ఫోటో తీసేవారికి ఈ ప్రశ్న ఎక్కువగా ఎదురవుతోంది. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు ఒక అంతర్జాతీయ ఫోటో పోటీలో గెలిచాక, తనది కృత్రిమ మేధ చేసిన బొమ్మ అని చెప్పి బహుమతి తిరస్కరించాడు. 2024లో దీనికి తలకిందులుగా జరిగింది. మైల్స్ ఆస్ట్రే తీసిన ఫ్లెమింగో పక్షి ఫోటోలో తల కనిపించదు, పక్షి పొట్ట గోక్కుంటూ దాన్ని వంచుకుంది. అతను దాన్ని కృత్రిమ మేధ విభాగంలో పెడితే బహుమతి వచ్చింది, నిజమైన ఫోటో అని తెలిశాక అనర్హమైంది. పోటీ అయితే నియమం ముఖ్యం, అడగడం న్యాయం. బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు మాత్రం ఆ ప్రశ్నను మొదట వేస్తే మిగతా చర్చంతా విచారణ అవుతుంది. రూపం గురించి మాట్లాడడం ముగిశాక ఎలా తీశావని అడిగితే, తీసినవారు సంతోషంగా హార్బరు కథంతా చెబుతారు.

ఆ అమ్మాయి కథంతా చెప్పింది. అంకె కోసం ఆమె రెండు రోజులు ఆలోచించింది. ఇంకోసారి వెళ్లి, ఒక అడుగు ఎడమకు జరిగి, అంకె రాకుండా, ఆకుపచ్చ ఎక్కువగా వచ్చేలా తీసుకోమని మాలో ఒకరు చెప్పారు. వెళ్లింది. అప్పటికి పడవకు కొత్తగా ఎర్ర రంగు వేసి ఉంది, నంబరు కూడా కొత్తగా రాశారు. ఆకుపచ్చ, నారింజ, నీలం ఆ ఎరుపు కిందికి వెళ్లిపోయాయి. ఇక ఆమెకు మిగిలింది ఆ ఒక్క ఫ్రేమే, అందులోనే తేల్చుకోవాలి. కుడివైపు రెండు అంగుళాలు కత్తిరించిన ప్రింటు ఒకటి, కత్తిరించనిది ఒకటి పక్కపక్కన పెట్టి తెచ్చింది. కత్తిరించినదానిలో మూడు ఆకుపచ్చ మచ్చల్లో ఒకటి అంకెతో పాటే పోయింది. పోర్టు పెద్దాయన రెండింటినీ చాలాసేపు చూసి, "కత్తిరించినదానిలో నీ ఆకుపచ్చ ఒకటి తగ్గిందమ్మా, చూసుకున్నావా?" అని అడిగారు. చూసుకోలేదంది. ప్రింట్లు రెండూ చేతిలోకి తీసుకుని పిట్టగోడ దగ్గర వెలుతురులోకి వెళ్లింది.